వంతెన ఖాళీగా ఉన్న రాత్రి

భీమడోలు స్టేషన్లో టీ అమ్మే ఆవిడ మొన్నొక ఉదయం కిటికీలోంచి కప్పు అందిస్తూ, "మీ ఐసుగారు పోయారంట కదండీ మేడమ్ గారూ," అంది. ఎప్పుడు, ఎలా అని అడిగేలోగా బండి కదిలిపోయింది. పక్కన కూర్చున్న బ్యాంకు ఉద్యోగి ఫోన్లోంచి తలెత్తకుండానే, "నిద్రలోనే పోయారటండి, పదిరోజులైంది," అన్నాడు.

ఆయన నాకు చుట్టం కాదు. స్నేహితుడని చెప్పుకోవడానికీ లేదు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే పొద్దుటి పాసింజరులో పదకొండేళ్ళు కలిసి ప్రయాణం చేశాం, అంతే. నేను గూడెంలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఆయన భీమడోలులో దిగి, అక్కణ్ణించి ఆటోలో కొల్లేటి వైపు వెళ్ళేవారు. ఆ దారిలో చేపల చెరువుల మధ్య ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. చేపల్ని పెట్టెల్లో సర్దేటప్పుడు వేసే ఐసు అక్కడ తయారవుతుంది. ఈయన అందులో పెద్ద ఆపరేటరు. పేరుపెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. అందరికీ ఐసుగారే.

సన్నగా పొడుగ్గా ఉండేవారు. మే నెలలో కూడా పొడుగు చేతుల చొక్కా, మెడచుట్టూ తువ్వాలు. రైలుపెట్టెలో అందరం చెమటలు కక్కుతుంటే ఆయన నుదురు మాత్రం పొడిగా ఉండేది. ఆయన పక్కన కూర్చుంటే ఆ వైపు భుజానికి చల్లగా తగిలేదంటే ఎవరూ నమ్మరు. ముప్ఫయ్యేళ్ళు ఐసులో పనిచేసిన మనిషి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

ఆయనకు ఒక వింత అలవాటు ఉండేది. బండి వచ్చి ఆగాక కూడా ప్లాట్‌ఫారం మీద ఎవరైనా కూర్చునే ఉంటే చూడలేకపోయేవారు. "ఎక్కండెక్కండి! బండి ఖాళీగా ఉంది! ఇంకా కూచున్నారేంటండీ!" అని తలుపు దగ్గర నిలబడి అరిచేవారు. మామూలుగా చాలా నెమ్మది మనిషి. 'అండీ' లేకుండా మాట ముగించేవారు కాదు. ఆ నిమిషంలో మాత్రం గొంతు చీలిపోయేది.

ఒకసారి ద్వారకా తిరుమలలో మొక్కు తీర్చుకుని గుండ్లతో తిరిగివెళుతున్న కుటుంబమొకటి భీమడోలు ప్లాట్‌ఫారం మీద కూర్చుని పులిహోర తింటోంది. వాళ్ళు వెళ్ళాల్సింది విజయవాడ వైపు. ఈయన బండి దిగుతూనే వాళ్ళ మూటలు తీసి మా పెట్టెలోకి విసిరేసి, ముసలమ్మను రెక్కపట్టి లేపి, అందరినీ ఎక్కించేశారు. బండి కదిలాక గానీ వాళ్ళకు సంగతి తెలియలేదు. మేమే తరవాతి స్టేషను పూళ్ళలో దించి వెనక్కి పంపించాం. మర్నాడు నేను కాస్త గట్టిగానే కోప్పడ్డాను.

"తప్పు బండెక్కితే ఏవైందండీ మేడమ్ గారూ, తిరిగొస్తారు," అన్నారు. కిటికీలోంచి చూస్తూ, "కూచుండిపోతే రారండి," అన్నారు.

మా పరిచయం మొదలైంది ఒక జవాబుపత్రంతో. ఫ్రెంచివాళ్ళకూ, వాళ్ళ మీద ఒకటై లేచిన రాజులకూ మధ్య ఏళ్ళ తరబడి సాగిన యుద్ధాల మీద పదిమార్కుల ప్రశ్న అది. ఆస్ట్రియా, ప్రష్యా, రష్యా, ఇంగ్లండు కూటమి కట్టడం, ఓడిపోవడం, కాట్లాడుకోవడం, మళ్ళీ కట్టడం. మొదటి కూటమి, రెండో కూటమి అని ఏడింటిదాకా అంకెలు వేసి పిల్లలు పుటలు నింపేస్తారు. ఆ రోజు నేను దిద్దుతున్న కాగితంలో ఒకమ్మాయి, రష్యా మీదికి వెళ్ళిన ఫ్రెంచి చక్రవర్తి చలికి సైన్యాన్ని పోగొట్టుకుని వెనక్కి తిరిగిన సంగతి శ్రద్ధగా రాసింది. బెరెజినా నది దగ్గరికి వచ్చింది. "రాత్రంతా వంతెనలు ఖాళీగా ఉన్నప్పటికీ వెనుకబడినవారు దాటలేదు," అన్న వాక్యం మీదికి పక్కనుంచి ఒక వేలు వచ్చి ఆగింది.

"ఇది నిజమేనాండీ?"

"ఏదండీ?"

"వంతెన ఖాళీగా ఉందనండి. ఉండి కూడా దాటలేదని."

నిజమేనన్నాను. ఆయన వేలు తీశాక చూస్తే ఆ వాక్యం తడిసి, సిరా అలుక్కుపోయి ఉంది.

భీమడోలు వచ్చేలోగా నాకు తెలిసింది చెప్పాను. నది సరిగా గడ్డకట్టలేదు, మంచుపలకలు కొట్టుకొస్తున్నాయి. చక్రవర్తి మనుషులు గుండెలోతు నీళ్ళలో దిగి రెండు వంతెనలు కట్టారు. కట్టినవాళ్ళలో చాలామంది ఆ చలికే పోయారు. సైన్యం దాటింది. వెనకాల వేలమంది మిగిలారు. ఆయుధాలు పారేసిన సైనికులు, బళ్ళు తోలేవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు. చీకటి పడ్డాక వంతెనల మీద తొక్కిసలాట లేదు. నడిచి దాటెయ్యొచ్చు. వాళ్ళు మంటలు వేసుకుని కూర్చున్నారు. తెల్లారాక, శత్రువు వెంటబడి రాకుండా వంతెనలు తగలబెట్టారు. అప్పుడు అందరూ ఒక్కసారిగా లేచి పరిగెత్తారు.

"ఎందుకు కూచున్నారండీ?"

ఆకలి, అలసట, చలి అన్నాను. పొద్దున్నే దాటొచ్చులే అనుకుని ఉంటారన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "అది పుస్తకంలో మాటండి," అన్నారు.

ఆ తరవాత ఆ యుద్ధాలన్నీ ఆయన నా దగ్గర ముక్కలు ముక్కలుగా నేర్చుకున్నారు. రష్యా మీదికి చక్రవర్తి వెంట నడిచిన ప్రష్యా, ఆస్ట్రియా వాళ్ళే ఏడాది తిరక్కుండా రష్యాతో కలిసి అదే చక్రవర్తి మీదికి వచ్చారని చెబితే ఐసుగారు చాలాసేపు నవ్వారు. "మా లంకల్లో సొసైటీ ఎలక్షన్లు ఇంతేనండి. పొద్దున మన పడవ, సాయంత్రం ఎదుటోడి పడవ," అన్నారు. కానీ ఎక్కడ మొదలుపెట్టినా ఆ నది దగ్గరికే వచ్చేవారు. వారానికోసారి అయినా అదే ప్రశ్న. నేను కొత్త పుస్తకాలు తిరగేసి కొత్త కారణాలు తెచ్చేదాన్ని. విని, అవీ పుస్తకంలో మాటలేనండి అని మర్యాదగా అనేవారు.

ఒక ఏప్రిల్ నెలలో, "ఓసారి మా ఫ్యాక్టరీకి రండి మేడమ్ గారూ. ఎందుకు దాటలేదో చూపిస్తాను," అన్నారు.

శనివారం మధ్యాహ్నం వెళ్ళాను. పెద్ద రేకుల షెడ్డు. నేలంతా చెక్కమూతలు. వాటి కింద ఉప్పునీళ్ళ తొట్టి, అందులో మంచినీళ్ళు పోసిన ఇనుప డబ్బాలు వరసగా మునిగి ఉంటాయట. చెక్కల మీద నడుస్తుంటే కాళ్ళ కింద మిషను చప్పుడు మనిషి గుండె కొట్టుకున్నట్టు తెలుస్తోంది. అమ్మోనియా వాసనకు కళ్ళు మండాయి. ఐసు దిమ్మలు నిలవచేసే గది తలుపు తీసి, గోనెసంచి పరిచిన దిమ్మ మీద నన్ను కూర్చోమన్నారు. ఎదురుగా తను కూర్చున్నారు. తలుపు దగ్గరగా వేశారు.

"మాట్లాడకండి. ఊరికే కూచోండి."

ముందు చెవులు నొప్పెట్టాయి. తరవాత వేళ్ళు. పళ్ళు కొట్టుకుంటుంటే నవ్వొచ్చింది. ఆ తరవాత నొప్పి పోయింది. ఒళ్ళంతా ఎవరో దుప్పటి కప్పినట్టు హాయిగా అయిపోయింది. కాలేజీ, ఇల్లు, సాయంత్రం బండి, అన్నీ ఎవరివో సంగతుల్లా దూరంగా ఉన్నాయి. "లేవండి మేడమ్ గారూ," అన్నది వినబడింది. విన్నాను. ఆ మాట అన్నది నన్ను కాదనుకున్నాను. అక్కడ ఇంకా ఎవరో ఉన్నారనీ, వాళ్ళను లేపుతున్నారనీ అనిపించింది. గోడవారగా దిమ్మల మధ్య చాలామంది మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నట్టూ, నాకు వాళ్ళ మధ్య చోటు దొరికినందుకు సంతోషంగా ఉన్నట్టూ తోచింది.

రెక్కపట్టి లాగితే ఎండలో పడ్డాను.

"మూడుసార్లు పిలిచానండి," అన్నారు ఆయన.

నాకు ఒక్కసారే వినబడింది.

"అదేనండి మరి. చలి ఎక్కువైతే బాధ ఉండదు. లేవబుద్ధి కాదు. రోజూ కాసేపు కూచుని చూస్తుంటానండి. మంట పక్కన కూచున్నా అంతేననుకుంటాను. వెచ్చగా ఉన్నా లేవబుద్ధి కాదు కదండీ."

నాకు కోపం, భయం, రెండూ వచ్చాయి. వెళ్ళిపోదామని లేచేసరికి కుర్రాళ్ళు డబ్బాలోంచి కొత్త దిమ్మ జారుస్తున్నారు. అద్దంలా ఉన్న దిమ్మకు నడిమధ్యన పాలలాంటి తెలుపు. ఆ తెలుపులో నిలువుగా ఒక చిన్న గోధుమరంగు ఈక.

"బాతు ఈకండి," అన్నారు ఆయన. "బోరు నీళ్ళండి ఇవి. పైన చెక్కమూతలు. ఐనా నెలకొకటో రెండో వస్తుంటాయి." ఆ దిమ్మను క్రషరులో వెయ్యనివ్వకుండా పక్కకు పెట్టించి, ఎండలో కరిగేదాకా దాని ముందు నిలబడ్డారు. ఈక చేతికొచ్చాక తుడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఎందుకో అడగబోయి ఆటో కోసం బయటికి వచ్చేశాను. అడిగితే చెబుతారేమోనని భయం వేసింది.

ఆయన చెప్పింది ఆ ఏడు వానాకాలంలో. దెందులూరు దాటాక సిగ్నలు పడక బండి గంటపైగా ఆగిపోయింది. పట్టాలకు రెండువైపులా వరిచేలు మునిగి ఉన్నాయి. పెట్టెలో పట్టుమని పదిమంది లేరు. ఆయన నీళ్ళ వైపు చూస్తూ, నేను అడక్కుండానే మొదలుపెట్టారు.

వాళ్ళది కొల్లేటి అంచున ఉన్న ఊరు. వేసవి వరి పండే దాళ్వా భూమి మూడెకరాలు. డిగ్రీ తప్పి ఇంటి దగ్గర ఉన్న ఏడు వరద వచ్చింది. ఊరికీ కొల్లేటికీ మధ్య పొడుగ్గా ఒక మట్టిగట్టు. ఊరివైపు నీళ్ళు ఆ గట్టంత ఎత్తు లేచాయి. గండి కొడితే ఊళ్ళో నీళ్ళు అవతలి పల్లంలోకి పోతాయి, ఊరు బతుకుతుంది. ఆ పల్లంలో ఒక దిబ్బ మీద బాతుల మందను తోలుకుని ఏటా వచ్చే కుటుంబం గుడారం వేసుకుని ఉంది. ఏడుగురు. దిబ్బ నుంచి గట్టుకు రావడానికి కాలువ మీద రెండు తాటిదుంగల వంతెన. తెల్లారగానే గండి కొడతామనీ, ఆలోగా దాటి రమ్మనీ చెప్పడానికి సాయంత్రం ఊరి పెద్దలు ఈయన్నే పంపారు.

"మంటేసుకుని వంట చేసుకుంటున్నారండి. చెప్పాను. ముసలాయన, 'బాతులు చీకట్లో వంతెనెక్కవు బాబూ, తెల్లారగానే వచ్చేస్తాం' అన్నాడు. మళ్ళీ వెళ్ళి చెప్పాను. నన్ను కూడా కూచోమన్నారండి, అన్నం తినమన్నారు. మూడోసారి వంతెన మీంచే పిలిచాను. లాంతరు పట్టుకుని రాత్రంతా ఆ వంతెన చివర నిలబడ్డానండి. ఖాళీగా ఉంది మేడమ్ గారూ. ఒక్క మనిషి ఎక్కలేదు. వాళ్ళ మంట కనబడుతూనే ఉంది."

"తెల్లారాక?"

"నీళ్ళు గట్టు మీంచి పొర్లబోతున్నాయి. ఇంకాగితే ఊరు పోతుందన్నారు. నా చేతికి పార ఇచ్చారండి. మొదటి దెబ్బ నాదే. గట్టు తెగిన చప్పుడుకి వాళ్ళు లేచి పరిగెత్తుకొచ్చారు. వంతెన మీద సగం దూరం వచ్చారు. అంతేనండి."

పట్టాల పక్కన నీళ్ళలో కొంగ ఒకటి కదలకుండా నిలబడి ఉంది.

"బాతులన్నీ బతికాయండి," అన్నారు ఆయన. "వారం రోజులు మా ఊరి చుట్టూ తిరిగాయి. ఎవరూ పట్టుకోలేదు."

ఓదార్చడానికి చరిత్ర చెప్పేవాళ్ళకు వచ్చిన విద్య చరిత్రొక్కటే కాబట్టి మళ్ళీ బెరెజినాకే వెళ్ళాను. వంతెనలు తగలబెట్టమని ఆజ్ఞ అందుకున్న సేనాని, చెప్పిన వేళ దాటిపోయినా గంటకు పైగా ఆగాడనీ, అంతకుముందు మనుషుల్ని పంపి ఆ మంటల మధ్య తిరిగి అందరినీ లేపించడానికి చూశాడనీ చెప్పాను.

ఆయన నా వైపు తిరిగారు. అంత ఆత్రంగా ఎప్పుడూ చూడలేదు.

"మంటలు ఆర్పలేదాండీ?"

"ఆర్పినట్టు ఎక్కడా లేదండి."

"ఆర్పాల్సిందండి," అన్నారు. బండి కదిలింది. భీమడోలు దాకా ఆ ఒక్క మాటే రెండుమూడుసార్లు తనలో తను అనుకున్నారు.

పోయిన వానాకాలం కొల్లేరు మళ్ళీ పొంగింది. నాలుగు రోజులు బళ్ళు లేవు. తిరిగి మొదలయ్యాక ఆయన మామూలుగానే వచ్చి కూర్చున్నారు, మామూలుగానే భీమడోలులో దిగారు. ఆయన దిగుతుంటే చంటిపిల్లను ఎత్తుకుని ఎక్కుతున్న ఒకామె ఆయన్ని చూసి మొహం తిప్పుకుంది. వచ్చి ఆయన చోట్లోనే కూర్చుంది.

"ఆ పెద్దాయన మీకు తెల్సాండీ?" అంది.

తెలుసన్నాను.

"మా పొయ్యిలో నీళ్ళు పోసేశాడండీ ఆయన!"

ఆమె భర్త చేపల చెరువు కాపలాదారు. చెరువుగట్టు చివర పాకలో ఉంటారు. వరద నాడు మధ్యాహ్నం మూడింటికి మైకులో చెప్పారట, సాయంత్రం అయిదింటికి రోడ్డువైపు గట్టు కోసేస్తాం, అవతల ఉన్నవాళ్ళు వచ్చెయ్యండి అని.

"అయిదింటిదాకా టైముంది కదా, పిల్లలకి ఇంత వండిపెట్టి వెళ్దామని పొయ్యెలిగించానండి. ఈయనెవరో వచ్చి రమ్మన్నాడు. అయిదు నిమిషాలండి అన్నాను. మళ్ళీ పిల్చాడు. వార్చేసి వస్తామండి అన్నాను. అంతేనండి, బకెట్టుతో నీళ్ళు ముంచుకొచ్చి పొయ్యిలో కుమ్మరించేశాడు. గిన్నె తన్నేశాడు. అన్నమంతా బురదలో పడిపోయింది. మా ఆయన కొట్టబోయాడు కూడానండి."

"తరవాత?"

"ఇంకేం చేస్తామండీ, తిట్టుకుంటా లేచాం. తూము మీంచి నీళ్ళు పొంగుతున్నాయి, దాని మీదే దాటాలి. నేను, మా ఆయన, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. అయిదుగురం. ఈయన అవతలే పక్కకి తప్పుకుని నిలబడి మమ్మల్ని లెక్కెట్టాడండి. ఒకటి, రెండు అని పైకే. అయిదయ్యాక వచ్చెయ్యాలి కదండీ? రాలేదు. ఆరు అన్నాడు. ఏడు అన్నాడు. నేను తిరిగి చూశాను, మా వెనకాల ఎవరూ లేరండి. ఒక్కోళ్ళకీ దారిస్తున్నట్టు ఆగి ఆగి, పన్నెండు దాకా లెక్కెట్టి, అప్పుడు దాటాడు. ఆయన ఇటు అడుగెట్టాక పట్టుమని పది నిమిషాలు కాలేదు, ఎవరూ కొయ్యకుండానే గట్టు తెగిపోయింది. నాలుగు కూడా కాలేదండి అప్పటికి."

పిల్ల ఆమె ఒళ్ళో బిస్కట్టు నములుతోంది. ఆమె దాని మూతి తుడుస్తూ, "ఆ రోజంతా ఆకలికి ఏడ్చిందండి ఇది," అంది. కోపం ఇంకా తగ్గలేదు. ఆ కోపం చూస్తే నాకు గొప్ప సంతోషం వేసింది. ఆ పన్నెండులో అయిదుగురు పోగా మిగిలే లెక్క తలుచుకుంటే మాత్రం వీపు మీద చల్లగా పాకింది. కిటికీ మూసుకున్నాను.

ఆ తరవాత ఆయన మారిపోయారు. దెందులూరులో ఎవరో మూటల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే చూసి ఊరుకున్నారు. బెరెజినా ఊసే ఎత్తలేదు. నేను కూడా ఆ చెరువుగట్టు సంగతి అడగలేదు. అలా కొన్ని నెలలు గడిచాయి. నాకు చివరిసారి కనబడిన రోజు, భీమడోలు ఇంకో అయిదు నిమిషాల్లో వస్తుందనగా నా వైపు వంగారు.

"మేడమ్ గారూ, ఒక్కటి అడుగుతానండి. ఆ వంతెన దాటినోళ్ళు ఉన్నారు కదండీ. వాళ్ళు ఇళ్ళకి చేరారాండీ?"

నాకు జవాబు తెలుసు. నది దాటాకే చలి అసలు ముదిరింది. దాటినవాళ్ళలో చాలామంది ఆ తరవాతి రోజుల్లోనే దారిపొడవునా మంచులో రాలిపోయారు. సొంత ఊరు చూసినవాళ్ళు కొద్దిమంది. ఏటా క్లాసులో చెబుతూనే ఉంటాను. పదకొండేళ్ళలో ఆయన అడిగినవాటికి తెలిస్తే తెలిసిందనీ, తెలియకపోతే తెలియదనీ చెప్పాను తప్ప ఒక్కటీ కల్పించలేదు. కానీ ఆ ఉదయం ఆయన మొహంలోకి చూశాను.

"చేరారండి," అన్నాను. "అందరూ చేరారు."

ఆయన నెమ్మదిగా తల ఊపారు. మా ఎదుటి బల్ల ఆ రోజు ఖాళీగా ఉంది. ఆయన అటు తిరిగి, వినికిడి తక్కువైన పెద్దవాళ్ళకు చెప్పినట్టు గొంతు కాస్త పెంచి, "విన్నారు కదండీ, చేరారంట," అన్నారు.